విండోస్, ఆండ్రాయిడ్, ఐప్యాడ్: మూడింట్లోనూ నడిచే మార్క్‌డౌన్ నోట్స్ యాప్ ఏది?

చిత్తుకాగితం:
ఆఫీసులో విండోస్, చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్, ఇంట్లో ఐప్యాడ్. 1,200 దాకా నోట్స్ ఉన్నాయి, అన్నీ మార్క్‌డౌన్‌లోనే (హెడ్డింగులు, లింకులు చిన్న గుర్తులతో రాసుకునే మామూలు టెక్స్ట్ ఫైళ్లు), ఒకే ఫోల్డర్‌లో. అబ్సిడియన్, జాప్లిన్ రెండూ వేసి చూశాను. రెండూ బాగానే ఉన్నాయి, అదే నా టెన్షన్. రోజూ వాడుతున్నవాళ్లు ఏదో ఒకటి తేల్చి చెప్పండి. దయచేసి కొత్త పేర్లు వద్దు.

రామచిలుక:
లాగ్‌సెక్ చూశారా?

చిత్తుకాగితం:
ఇప్పుడే కదండీ చెప్పాను.

మూలరాయి:
అబ్సిడియన్. ఇందులో ఆలోచించడానికేం లేదు. మీ ఫోల్డర్ మీ ఫోల్డర్‌లాగే ఉంటుంది. సెట్టింగ్స్ కోసం లోపల ఒక చిన్న ఫోల్డర్ పెట్టుకుంటుంది, అంతే. రేపు యాప్ తీసేసినా మీ ఎండీ (మార్క్‌డౌన్) ఫైళ్లు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి. జాప్లిన్ అలా కాదు. మీ ఫైళ్లను దిగుమతి చేసుకుని ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో, అంటే అన్నీ కలిపి ఒకే ఫైలులో, పెట్టుకుంటుంది. ఆ తర్వాత మీ నోట్స్ చూడాలంటే జాప్లిన్‌నే అడగాలి. మార్క్‌డౌన్ యాప్ అన్నాక ఫైలు ఫైలుగా ఉండాలి. ఎవరైనా, ఎందులోనైనా తెరవగలగాలి.

తాళంకప్ప:
అబ్సిడియన్ ఓపెన్ సోర్స్ కాదన్న ముక్క మూలరాయి గారు మింగేశారు. సరే, అది పక్కన పెడదాం. అడిగినాయన దగ్గర ఐప్యాడ్ ఉంది కదా. దాంట్లో అబ్సిడియన్ ఫోల్డర్ యాపిల్ వాళ్ల ఐక్లౌడ్‌లో పెట్టాలి, లేదంటే ఆ ఐప్యాడ్‌లోనే ఉంచాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఆ ఐక్లౌడ్ ఫోల్డర్ అందదు. ఇక మిగిలింది డబ్బు కట్టి వాళ్ల సింక్ (నోట్స్‌ని అన్ని పరికరాల్లో ఒకేలా ఉంచే సేవ) తీసుకోవడం, లేదా ఎవరో రాసిన ప్లగిన్ (యాప్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) మీద భారం వేయడం. జాప్లిన్‌లో డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్, వెబ్‌డావ్ సర్వర్‌లలో (ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచే చోట్లు) ఒకటి ఎంచుకుంటే మూడింట్లోనూ దానికదే సింక్ అవుతుంది. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మధ్యలో ఎవరూ చదవలేకుండా వేసే తాళం) కూడా ఉచితమే.

మూలరాయి:
నేను సింక్ గురించి మాట్లాడటం లేదు. జాప్లిన్ సింక్ చేసే ఫోల్డర్ ఒక్కసారి తెరిచి చూడండి. ఒక్క ఫైలుకైనా మనిషి పెట్టిన పేరు ఉంటుందా? అంకెలూ అక్షరాలూ కలిపి 32 గుర్తుల గొలుసు, చివర ఎండీ. లోపల మీ రాత కింద ఐడీ, పేరెంట్ ఐడీ, తయారైన సమయం, మారిన సమయం అంటూ చాంతాడంత జాబితా. ఎన్‌క్రిప్షన్ పెడితే మీ రాత కూడా కనబడదు. దీన్ని మార్క్‌డౌన్ అని ఎలా అంటారు?

తాళంకప్ప:
అది సింక్ కోసం పెట్టుకున్న ఫోల్డర్. కూర్చుని చదువుకోవడానికి కాదు. ఎక్స్‌పోర్ట్‌లో మార్క్‌డౌన్ ఎంచుకోండి, మీరు పెట్టిన పేర్లతో, మీ ఫోల్డర్లతో సహా బయటికి వస్తాయి. మీ అబ్సిడియన్ సంగతేంటి? జోడు బ్రాకెట్ల లింకులు వేరే ఎడిటర్‌లో తెరిస్తే చాలాచోట్ల బ్రాకెట్లలాగే కనబడతాయి. డేటావ్యూ ప్లగిన్‌తో కట్టుకున్న పట్టికలు బయట ఉత్త కోడ్ ముక్కలు. అది మాత్రం మార్క్‌డౌనా?

చినుకు:
ముందు మార్క్‌డౌన్ అంటే ఏదో తేల్చుకోండి. 2004లో జాన్ గ్రూబర్ మొదట తయారుచేసిన మార్క్‌డౌన్‌లో పట్టికలే లేవు.

మూలరాయి:
ఆ బ్రాకెట్లు వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో తీసేయొచ్చు. ఇకమీదట మామూలు మార్క్‌డౌన్ లింకులే పడతాయి. 32 గుర్తుల పేర్లు తీసేసే సెట్టింగ్ జాప్లిన్‌లో ఉందా?

ఐత్వం:
సందట్లో సడేమియా అనుకోకండి. ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకు ఒక మాట. యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలకు వాడే కోడ్) ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, రెండు గుర్తులుగా విడగొట్టీ రాయొచ్చు. కంటికి తేడా తెలియదు. పాత మ్యాక్‌లలోని ఫైల్ సిస్టమ్ పేర్లను విడగొట్టి దాచేది. అక్కణ్ణుంచి లినక్స్‌కి తెచ్చుకున్నాక నా ఫోల్డర్‌లో ‘వైద్యం’ ఫైళ్లు రెండు కనబడ్డాయి. ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఎలా ఉన్నాయో అర్థం కాక ఒక సాయంత్రమంతా పోయింది. అప్పట్నుంచి ఫైళ్లకు తేదీలే పేర్లు.

చిత్తుకాగితం:
ఇది బాగుంది, థాంక్సండీ. కానీ నేనడిగింది...

మూలరాయి:
చెబుతున్నాం కదండీ. ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు అనే మాట ఒక్కటి మాత్రం నాకు చెప్పొద్దు. ఒక ఆన్‌లైన్ నోట్స్ సర్వీసులో ఆరేళ్లు రాసుకున్నాను, పేరు అనవసరం. మూసేస్తున్నాం, ఫలానా తేదీలోగా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి అని మెయిల్ పెట్టారట. నేను వాడటం మానేసిన అడ్రస్‌కి వెళ్లింది. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్న నాలుగు నెలలూ రోజూ రాసినవి అందులోనే ఉన్నాయి. ఏ మందు పడలేదు, ఏ రాత్రి నిద్రపోయింది, ఏం మాట్లాడింది, అన్నీ. ఎక్స్‌పోర్ట్ బటన్ ఉందండీ. అది పనిచేసిన రోజుల్లో నాకు నొక్కాలనే తెలియదు.

తాళంకప్ప:
అలా జరిగి ఉండాల్సింది కాదు. కానీ ఆ పాపం జాప్లిన్‌ది ఎలా అవుతుంది? ఆ డేటాబేస్ ఉండేది మీ డిస్క్ మీదే. రేపు జాప్లిన్ రాసేవాళ్లంతా మానేసినా మీ దగ్గరున్న యాప్ తెరుచుకుంటుంది, ఎక్స్‌పోర్ట్ అవుతుంది. మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటే నేనేం చెయ్యను?

మూలరాయి:
కుందేళ్లు నాకెందుకు గానీ, మీకు ఆ డేటాబేస్ అంటే ఎందుకంత ముద్దో చెప్పండి. ఫైలు ఫైలుగా ఉంటే మీకొచ్చిన నష్టమేంటి? ఎవరైనా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకోవచ్చు అంటే తప్పా?

తాళంకప్ప:
తప్పే. నా వరకు తప్పే. ‘ఎవరైనా తెరవొచ్చు’ అని పొద్దున్నుంచి అంటున్నారు చూడండి, నా భయమంతా ఆ మాటతోనే.

నేనూ మామూలు ఫోల్డర్‌లోనే డైరీ రాసేదాన్ని. ఇంట్లో అందరికీ ఒకటే ల్యాప్‌టాప్. మనుషుల గురించి రాసుకునేటప్పుడు ఫైలుకి వాళ్ల పేరే పెట్టడం నా అలవాటు. ఒకరోజు మావాళ్లలో ఒకరు తన రెజ్యూమె దొరక్క, వెతుకుపెట్టెలో తన పేరే కొట్టారు. ముందు వచ్చింది నా ఫైలు. రెండేళ్లుగా వాళ్ల మీద నాకున్న కోపమంతా అందులో ఉంది. నాకు ఎదురుగా కూర్చుని చదివి వినిపించారు, నేను వేసిన హెడ్డింగులతో సహా. ఇప్పటికీ మా మధ్య మాటల్లేవు.

చినుకు:
అయ్యో.

మూలరాయి:
ఈ సంగతి నాకు తెలియదండీ. గొంతు పెంచినందుకు ఏమీ అనుకోకండి. అయితే ఇది గొడవకి కాదు, మీ మంచికే చెబుతున్నాను: జాప్లిన్ ఎన్‌క్రిప్షన్ సింక్ అయ్యే డేటాకే. డిస్క్ మీదున్న డేటాబేస్‌కి తాళం ఉండదు. ల్యాప్‌టాప్ చేతికి దొరికి, జాప్లిన్ తెరవడం తెలిస్తే అన్నీ కనబడతాయి.

తాళంకప్ప:
తెలుసు. అందుకే ఇప్పుడు నాకు వేరే యూజర్ అకౌంట్, పాస్‌వర్డ్, డిస్క్‌కి బిట్‌లాకర్ (డిస్క్ మొత్తానికి విండోస్ వేసే తాళం) కూడా ఉన్నాయి. అవన్నీ ఉన్నా, రెజ్యూమె కోసం వెతికేవాళ్లకి నా నోట్ తగలకూడదు. డేటాబేస్ వల్ల నాకు దొరికేది అంతే. అది చాలు.

మూలరాయి:
నాకైతే తగలాలండీ. నా తర్వాత మా పిల్లలు ఆ ఫోల్డర్ మీద నొక్కితే చాలు, అమ్మ గురించి రాసినవి తెరుచుకోవాలి. వాళ్లు ఏ యాపూ వేసుకోనక్కర్లేదు. ఈసారి ఇద్దరు అన్నదమ్ముల దగ్గర కూడా కాపీలు పెట్టాను.

తాళంకప్ప:
అలాంటి వాటికి ఫైళ్లే మేలు. ఒప్పుకుంటున్నాను.

రామచిలుక:
లాగ్‌సెక్‌లో అయితే...

చిత్తుకాగితం:
రామచిలుక గారూ, మీకో దండం.

మీ ఇద్దరి మాటలూ చదివి నా 1,200 నోట్స్ ముందేసుకుని కూర్చున్నాను. నా దగ్గర దాచుకోవాల్సినవేం లేవనుకున్నాను. పాస్‌వర్డ్ అనే మాట కొట్టి వెతికితే 14 నోట్స్ వచ్చాయి, అందులో ఒకటి ఆఫీసు సర్వర్‌ది. ముందు అవన్నీ పాస్‌వర్డ్ మేనేజర్‌లోకి మార్చి నోట్స్‌లోంచి తీసేశాను. డైరీలాంటివి ఓ 60 ఉన్నాయి, వాటిని జాప్లిన్‌లో వేశాను, మూడింట్లోనూ వస్తున్నాయి. మిగతావి ఫోల్డర్‌లోనే ఉంచి అబ్సిడియన్‌తో తెరుస్తున్నాను. ఐప్యాడ్‌లో మాత్రం అవి ఇంకా రావడం లేదు. సింక్‌కి డబ్బు కట్టాలా వద్దా అన్నది వచ్చే నెల చూస్తాను.

మూలరాయి:
మంచి పని చేశారు. ఆ 60 కూడా మూడు నెలలకోసారి ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. 32 గుర్తుల పేర్లను నమ్మకండి.