నాన్నకి వయొలిన్ ఎందుకు పడటం లేదు?

మాది విజయనగరం. నాన్నకి 72 ఏళ్లు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ అంటే చెవి కోసుకునేవారు. సంక్రాంతి దాటినప్పటి నుంచి అవే రికార్డింగులు పెడితే, పైస్థాయికి వెళ్లగానే మొహం చిట్లించి "కీచుమంటోంది, ఆపరా" అంటున్నారు. వీణ, ఘంటసాల పద్యాలు మాత్రం హాయిగా వింటున్నారు (పద్యాలంటే ఒకప్పుడు ఆయనకి చిన్నచూపు!).

స్పీకరు మార్చాను. సౌండు, ట్రెబుల్ తగ్గించాను. లాభం లేదు. చెవి డాక్టరు ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించి, 4,000 హెర్ట్జ్ పైన, అంటే బాగా సన్నటి కీచు శబ్దాల దగ్గర, వినికిడి తగ్గింది, వయసుకి మామూలే అన్నారు. వినికిడి మిషను ఇంకా పెట్టలేదు. సరిగ్గా వినబడని శబ్దమే చెవికి గుచ్చుకోవడమేంటో నాకు అంతుపట్టడం లేదు.

ఇది వయసుతో మారిన అభిరుచా, చెవి తేడానా అన్నది ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?