‘రిమాండ్ అయింది’ అంటే ఎవర్ని లోపల వేసినట్టు?

డాలస్ నుంచి:

మా నాన్నగారు తెనాలిలో ఉంటారు. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. శనివారం ఫోన్ చేస్తే ఇక్కడి కోర్టు సంగతులు అడగడం ఆయనకు అలవాటు. మొన్న బార్న్స్ కేసు చెప్పాను. 2016లో హ్యూస్టన్ దగ్గర, టోల్ బకాయిలున్న అద్దె కారని ఒక పోలీసు ఆపాడు. కాసేపటికి కారు కదిలింది. ఆ పోలీసు తలుపు కింది అంచు మీదికి ఎక్కి లోపలికి కాల్చాడు. కారు నడుపుతున్న ఆష్టియన్ బార్న్స్ చనిపోయాడు. తల్లి పౌరహక్కుల దావా వేసింది. కాల్పులకు ముందు రెండు సెకన్లలో ఏం జరిగిందో అంతే చూడాలి, ఆ క్షణంలో పోలీసు ప్రాణానికి ముప్పుంది కాబట్టి తప్పు లేదు అని కింది కోర్టుల్లో తేలింది. 2025 మే 15న అమెరికా సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిది మందీ ఒక్క మాట మీద, అది కుదరదు, మొదటి నుంచి జరిగిందంతా చూడాల్సిందే అన్నారు. తీర్పు రాసింది జస్టిస్ ఎలీనా కేగన్.

ఇంతవరకూ బాగానే విన్నారు. "మరి చివరికి ఏమైందిరా?" అన్నారు.

"రిమాండ్ అయింది నాన్నా."

"అయ్యో! కొడుకు పోయిన తల్లిని లోపల వేశారా? ఎన్ని రోజులు?"

నవ్వాను గానీ తర్వాత ఆలోచిస్తే తప్పు నాదే. తెలుగు పేపరు చదివే మనిషికి రిమాండ్ అంటే నిందితుడికి 14 రోజులు. ఇక్కడి పెద్ద తీర్పులు చాలావాటికి ఆఖరి వాక్యంలో ‘వెకేటెడ్ అండ్ రిమాండెడ్’ అని ఉంటుంది. ఆ రెండు ముక్కలకూ తెలుగులో ఏమనాలి? నిఘంటువు మాట వద్దు. మా నాన్నకు ఫోన్లో చెప్పగలిగేది కావాలి.

విజయవాడ నుంచి, పేపరు డెస్కులో పనిచేస్తాను:

మీకు ఒక్క నాన్నగారితోనే ఇబ్బంది. మాకు రోజూ ఇదే పాట. డెస్కులో మా చేతికి మొదట దొరికే మాట ‘కొట్టేసింది’. దావా కొట్టేసింది, తీర్పు కొట్టేసింది, జీవో కొట్టేసింది. అన్నిటికీ ఒకటే కర్ర. కానీ దావా కొట్టేస్తే వాది ఓడినట్టు. ఆ దావాను కొట్టేసిన తీర్పునే పైకోర్టు కొట్టేస్తే వాదికి ఊపిరి వచ్చినట్టు. హెడ్డింగులో ‘కేసు కొట్టివేత’ అని పెట్టామంటే ఎవరు నవ్వుతున్నారో, ఎవరు ఏడుస్తున్నారో చదివినవాడికి తెలియదు. బస్టాండులో పర్సు పోయినా అదే మాట వాడతాం, అది వేరే సంగతి.

నా సొంత బుద్ధితక్కువ కూడా చెప్తాను. 2025 జూన్ 5న అమెరికా సుప్రీంకోర్టు నుంచి మార్లీన్ ఏమ్స్ కేసు తీర్పు వచ్చింది. ఒహాయోలో నేరం చేసిన మైనర్ల బాగోగులు చూసే ప్రభుత్వ శాఖలో ఆమె ఉద్యోగి. ప్రమోషన్ ఒక లెస్బియన్ మహిళకు ఇచ్చి, తన పోస్టు ఒక గే వ్యక్తికి ఇచ్చి, తనను కింది ఉద్యోగంలోకి దించారని, తాను స్వలింగ సంపర్కురాలు కాకపోవడమే కారణమని దావా వేసింది. మెజారిటీ వర్గంవాళ్లు వివక్ష అంటే అదనపు రుజువు చూపాలని సిక్స్త్ సర్క్యూట్, అంటే అక్కడి అప్పీలు కోర్టు, అంది. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా, చట్టంలో ‘ఏ వ్యక్తి’ అని ఉంది, అందరికీ ఒకటే తూకం అంది. రాసింది జస్టిస్ కెటాంజీ బ్రౌన్ జాక్సన్. నేను హడావుడిలో ‘ఏమ్స్ గెలుపు’ అని పెట్టాను. మంగళగిరి ఎయిమ్స్‌లో ఎన్నికలేమైనా జరిగాయా అని ఒక పాఠకుడు ఫోన్ చేశాడు! ఆ నవ్వులాట సరే. అసలు తప్పు ‘గెలుపు’ దగ్గరుంది. ఆమె మీద వివక్ష జరిగిందని ఆ తీర్పు ఎక్కడా అనలేదు. ఆమెకు అడ్డంగా పెట్టిన అదనపు గడప తీసేసి, ఫైలు కిందికి పంపింది, అంతే.

అట్లాంటా నుంచి:

‘వెకేట్’ అంటే మాకు ఇల్లు ఖాళీ చేయడం, టులెట్ బోర్డు. ఊళ్లో కోర్టు చుట్టూ తిరిగినవాళ్లకైతే ‘స్టే వెకేట్ అయింది’. ఈ మూడో అర్థం మా ఊరి కేసుతో తెలిసింది. 2017లో ఎఫ్‌బీఐ వాళ్లు ఇల్లు తప్పి, తెల్లవారకముందే ఒక కుటుంబం తలుపు బద్దలుకొట్టి లోపలికొచ్చారు. ఇంట్లో ఏడేళ్ల పిల్లాడు. వాళ్లు వేసిన దావా కింది కోర్టుల్లో పోయింది. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పు తీసేసి, మళ్లీ చూడమని ఇక్కడి అప్పీలు కోర్టు ఎలెవెంత్ సర్క్యూట్‌కు పంపింది. మా ఆఫీసులో తెలుగువాళ్లంతా ‘వాళ్లకు న్యాయం జరిగింది’ అన్నారు. జరగలేదు, జరగొచ్చు. తెలుగులో ఆ రెండు క్రియలకూ మధ్య ఎంత దూరమో!

వరంగల్ నుంచి, ముప్పై ఏళ్లు సివిల్ ప్రాక్టీసు:

డాలస్ తమ్ముడూ, రిమాండ్ రెండు తీర్లు అమెరికాలోనే కాదు, మన దగ్గరా ఉంది. సీపీసీలో, అంటే సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టంలో, ఆర్డర్ 41 రూల్ 23 చూడు. అప్పీలు కోర్టు కింది కోర్టు డిక్రీ తీసేసి దావాను వెనక్కి పంపితే దాన్ని రిమాండ్ అనే అంటాం. అదే కాంపౌండులో, క్రిమినల్ వైపు హాల్లో రిమాండ్ అంటే జైలు. లాటిన్ మూలంలో రెండూ ఒకటే, తిరిగి పంపించడం. అక్కడ మనిషిని తిరిగి కస్టడీకి పంపుతారు, ఇక్కడ ఫైలును తిరిగి కిందికి పంపుతారు.

క్లయింటుకు మాత్రం నేనెప్పుడూ రిమాండ్ అనలేదు. "పై కోర్టు ఆ తీర్పు చెరిపేసింది, కింది కోర్టు మళ్లీ తేల్చాలె" అనేవాణ్ని. తెలుగులో ‘తేల్చు’ లాంటి మాట ఇంకోటి లేదు. పొలం గట్టు తగాదా అయినా, పంపకాలైనా తేలాలి. తేలలేదంటే ఇంకా నీళ్లలోనే ఉన్నట్టు.

ఇంకోటి. రివర్స్ వేరు, వెకేట్ వేరు. రివర్స్ అంటే తిరగేయడం: నువ్వు కాదన్నావు, మేం ఔనంటున్నాం. వెకేట్ అంటే చెరిపేయడం: నువ్వు చూసిన పద్ధతి తప్పు, ఫలితం సంగతి మేం చెప్పం, సరైన పద్ధతిలో చూసి నువ్వే చెప్పు. పలక తుడిచి మళ్లీ పిల్లాడి చేతికే ఇచ్చినట్టు.

కాకినాడ నుంచి:

పునర్విచారణ అంటే సరిపోతుంది కదండీ? ఇంత చర్చ ఎందుకు?

విజయవాడ డెస్కు:

సరిపోదండీ. ఏమ్స్ కేసులో అసలు విచారణే జరగలేదు, సాక్షులు బోనెక్కకముందే, కాగితాల మీదే ఇచ్చే సమరీ జడ్జిమెంటుతో ముగించారు. జరగని విచారణకు ‘పునర్’ ఏమిటి? పైగా రివ్యూ పిటిషన్‌కీ, రీట్రయల్‌కీ మేం ఆ మాటే అరగదీశాం.

వర్జీనియా నుంచి:

గెలుపు మాట వచ్చింది కాబట్టి మా రాష్ట్రం కేసు చెప్తాను. కోర్టు జరిమానాలు కట్టలేదని డ్రైవింగ్ లైసెన్సులు ఆపేసే చట్టం ఇక్కడ ఉండేది. కొందరు దావా వేస్తే 2018లో ఫెడరల్ జడ్జి తాత్కాలికంగా ఆ చట్టాన్ని ఆపాడు. ఆఖరి తీర్పు రాకముందే 2020లో అసెంబ్లీయే చట్టాన్ని ఎత్తేసింది. లైసెన్సులు వచ్చాయి, ఇక తేల్చడానికి ఏమీ మిగల్లేదని కేసు ముగిసింది. పౌరహక్కుల కేసుల్లో గెలిచిన పక్షానికి లాయరు ఫీజు ఎదుటివాళ్ల చేత ఇప్పించే వీలుంది. అదడిగారు. 2025 ఫిబ్రవరి 25న సుప్రీంకోర్టు 7–2తో, మీరు గెలిచినవాళ్లు కారు పొమ్మంది. తాత్కాలిక ఉత్తర్వు గెలుపు కాదట, తుది తీర్పు చేతిలో ఉండాలట. జస్టిస్ జాక్సన్, జస్టిస్ సోటోమయోర్ ఒప్పుకోలేదు. నా మటుకు నాకు వాళ్లిద్దరి మాటే సబబనిపించింది. కావాల్సింది చేతికొచ్చాక గెలవలేదంటే ఎలా?

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడంటారు మనవాళ్లు. వీళ్లను ఏ లెక్కలో వెయ్యాలో తెలియక సామెతే ఆగిపోయింది.

వరంగల్ వకీలు:

సామెత ఫీజుల గురించే పుట్టిందమ్మా, అనుభవంతో చెప్తున్నా.

డాలస్ నుంచి:

మీ అందరి మాటలూ నాన్నగారికి చదివి వినిపించాను. పలక పోలిక నచ్చలేదు. "పలక తుడిస్తే ఏమీ మిగలదురా. ఇక్కడ జవాబు పత్రం అలాగే ఉంది, మార్కులే పోయాయి. ఇది రీవాల్యుయేషన్. దిద్దినాయన ఒక్క ప్రశ్న చూసి సున్నా వేశాడు. బోర్డు ఆ సున్నా కొట్టేసి, పేపరంతా చదివి మళ్లీ దిద్దమంది. పాసవుతాడని ఎవరన్నారు?" అన్నారు. దిద్దేది మళ్లీ ఆయనే కదా అని కూడా గొణిగారు. ముప్పై రెండేళ్లు స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లిన మనిషి మరి.

వరంగల్ వకీలు:

హెడ్మాస్టరు గారి మాట బాగుంది. నా పలక వాపసు తీసుకుంటున్నా. ఒక్కటే సవరణ: ఈసారి దిద్దేటప్పుడు ‘కీ’ మారింది. పాత కీతో దిద్దడానికి వీల్లేదు. కాబట్టి ‘కేసు మళ్లీ మొదటికొచ్చింది’ అనే మాట కూడా వాడకండి.

విజయవాడ డెస్కు:

‘తీర్పు రద్దు, మళ్లీ తేల్చమని ఆదేశం’. హెడ్డింగుగా రెండు కాలమ్‌లలో పడుతుంది, చూశాను. ఎడిటర్‌గారు ‘గెలుపు’ ఉంటే బాగుండేదన్నారు. రీవాల్యుయేషన్ కథ చెప్పాను. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.