ముదురు పోతు జింక పడక: దగ్గరికి వెళ్లి మాటు వేయాలా, అటువైపు అడుగే పెట్టకూడదా? (వేటగాళ్ల ఆన్‌లైన్ చర్చ, పేర్లు మారుపేర్లు)

జమ్ముగడ్డి (మాడిసన్ దగ్గర), సోమవారం

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర ప్రభుత్వ భూముల్లో తెల్లతోక జింకల వేట నాకు ఇది ఆరో ఏడు. మొదటి మూడేళ్లు అందరిలాగే సోయా చేను గట్టున మంచె కట్టుకుని కూర్చున్నాను. ఆడ జింకలు వచ్చేవి, ఏడాది పోతులు వచ్చేవి. ముదురు పోతు మాత్రం దారి పక్కన చెట్టుకు కట్టిన ట్రైల్ కెమెరాలో రాత్రి పదకొండుకో, తెల్లవారుజామున మూడుకో కనిపించేది. అదే చేను, అదే దారి. వేళ ఒక్కటే తేడా.

అప్పుడు తలకెక్కింది. పోతు చేనుకు వస్తూనే ఉంది, వెలుతురు ఉండగా రావడం లేదు, అంతే. పగలంతా పడుకుని నెమరు వేస్తుంది. పొద్దు వాలాక లేచి ఒళ్లు విరుచుకుని, పడక చుట్టూ నాలుగు ఆకులు కొరికి, లేత చెట్టుకు కొమ్ములు రుద్ది, చీకటి పడ్డాకే బయటికి వస్తుంది. వెలుతురులో అది వంద గజాలు నడిస్తే ఎక్కువ. ఆ వంద గజాల్లోకి మనమే వెళ్లాలి. ఇదే రాష్ట్రానికి చెందిన వేటగాడు డాన్ ఇన్‌ఫాల్ట్ ఏళ్లుగా చెబుతున్న పద్ధతి కూడా ఇంచుమించు ఇదే.

మార్చిలో, మంచు కరిగి ఇంకా చిగురు వేయకముందు, ఒక చిత్తడిలో పడక దొరికింది. జమ్ము మధ్యలో బల్లపీట అంత మెరక, దానికి నైరుతి వైపు గుబురుగా విల్లో పొదలు. నేల అరిగి మట్టి తేలింది. వెంట్రుకలు ఉన్నాయి. చుట్టూ నాలుగు విల్లో కొమ్మలకు బెరడు లేదు. నైరుతి గాలి వీచిన రోజున పోతుకు ఇంతకంటే మంచి చోటు ఉండదు: వీపు వెనుక పొదల్లోంచి వచ్చేవాణ్ణి ముక్కు పట్టేస్తుంది, ముందున్న బయలును కళ్లు కాస్తాయి. నేను వాయవ్యం నుంచి, గాలికి అడ్డంగా వెళ్లి, ఎనభై గజాల దూరంలో చెట్టెక్కాలని అనుకుంటున్నాను. విల్లుతోనే.

నా స్నేహితుడు ఇది మూర్ఖత్వం అంటాడు. ఒక్క తప్పు జరిగితే పోతు ఆ చోటే వదిలేస్తుందట. మీరేమంటారు?

నలభై ఎకరాలు (రిచ్‌లాండ్ కౌంటీ), సోమవారం

మీ స్నేహితుడికి నా నమస్కారాలు చెప్పండి.

నాకు కొండల్లో చిన్న భూమి ఉంది. అందులో పన్నెండు ఎకరాల గుబురులోకి నాలుగేళ్లుగా ఎవరూ దిగలేదు, నేను కూడా. గాయపడిన జింకను వెతకాల్సి వస్తే తప్ప దిగకూడదని ఇంట్లో నియమం. నేను దాని అంచుల్లోనే కూర్చుంటాను. ఫలితం? నా పోతులు నా దగ్గరే పడుకుంటున్నాయి, పక్కవాళ్ల దగ్గర కాదు.

ఇది నా ఒక్కడి మాట కాదు. సౌత్ కరొలినాలోని బ్రాస్నన్ ఫారెస్ట్‌లో ఆబర్న్ విశ్వవిద్యాలయం వారు పోతుల మెడకు జీపీఎస్ పట్టీలు కట్టి చూశారు. ఒక మంచె మీద మనిషి కూర్చుని వెళ్లాక, పగటి పూట ఆ చోటికి పోతుల రాక తగ్గింది. మళ్లీ మామూలు స్థితికి రావడానికి సుమారు మూడు రోజులు పట్టింది. అది మేత దగ్గర మంచె సంగతి. అది నిద్రపోయే చోటికే వెళ్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. వీధిలో దొంగ తిరిగాడంటే తలుపు గడియ పెట్టుకుంటాం, పడకగదిలో కనిపిస్తే ఇల్లే మారిపోతాం.

జమ్ముగడ్డి, సోమవారం

మీ పన్నెండు ఎకరాలకు కంచె ఉంది, పత్రాలు ఉన్నాయి. నా చిత్తడి అందరిదీ. నేను అటు వెళ్లకపోతే అది ప్రశాంతంగా ఉంటుందనుకున్నారా? శనివారం బాతుల వేటగాడు పడవలో వస్తాడు, ఆదివారం కుక్కను తీసుకుని ఇంకొకరు వస్తారు. నవంబరులో థాంక్స్‌గివింగ్‌కు ముందు శనివారం తొమ్మిది రోజుల తుపాకీ వేట మొదలయితే అడవంతా నారింజ రంగు జాకెట్లే. నేను దాచిపెట్టిన పోతును నా కోసం ఎవరూ దాచి ఉంచరు.

కాంటూరు, మంగళవారం

మీరిద్దరూ ఒక విషయం ఒప్పేసుకుని వాదించుకుంటున్నారు: ఫలానా గాలికి పోతు ఫలానా పడకలో ఉంటుందని. నాకు ముందు ఆ మాట మీదే అనుమానం.

కొండల్లో చెప్పే సూత్రం తెలిసిందే. గట్టుకు గాలిచాటు వైపు, పైనుంచి మూడో వంతు ఎత్తులో, పొడుచుకొచ్చిన కొండముక్కు మీద పడుకుంటుందని. గట్టు దాటి వచ్చే గాలి వెనుక నుంచి వాసన తెస్తుంది, ఎండకు వేడెక్కి వాలు వెంట పైకి లేచే గాలి కింద ఉన్నవాటి వాసన తెస్తుంది, కళ్లు లోయను చూస్తాయి. వినడానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. బఫెలో కౌంటీలో అలాంటి ముక్కులు పటం మీద ముందుగా గుర్తు పెట్టుకుని నాలుగు వసంతాలు తిరిగాను. కొన్నిచోట్ల పడకలు ఉన్నాయి, నిజమే. అదే వాలులో ఏ సూత్రానికీ లొంగని చోట్ల కూడా ఉన్నాయి: పడిపోయిన చెట్టు పక్కన, లోయ అడుగున, ఒకసారి రోడ్డుకు అరవై గజాల్లో, కార్లు పోతూ ఉండగా.

ముదురు పోతు తిరిగే నేల ఇంచుమించు చదరపు మైలు, అంటే ఆరు వందల ఎకరాల పైమాట. అందులో ఒకటి కాదు, ఎన్నో పడకలు ఉంటాయి. మీరు మార్చిలో చూసిన గుంట మొన్న అక్టోబరుదా, మదకాలానిదా, తుపాకీ మోతకు భయపడి దాక్కున్న రోజుదా? మట్టి ఆ సంగతి చెప్పదు. పోతు దొరికినవాడు "నైరుతి గాలి, నేను చెప్పినట్టే వచ్చింది" అని ఫొటో పెడతాడు. అదే గాలికి తొమ్మిదిసార్లు ఖాళీ చేతులతో వచ్చినవాడు ఏమీ రాయడు. మన దగ్గర పోగుపడిన జ్ఞానమంతా గెలిచినవాళ్లు చెప్పినదే.

కొత్త విల్లు, మంగళవారం

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. అది పోతు పడక అని, ఆడ జింకది కాదని ఎలా తెలుస్తుంది? ఇంకొకటి, నేను హెచ్-1బి వీసా మీద ఉన్నాను, వేటాడవచ్చా?

నలభై ఎకరాలు, మంగళవారం

ఆడ జింకలు పిల్లలతో కలిసి పడుకుంటాయి, అందుకే చిన్నవీ పెద్దవీ గుంటలు గుంపుగా కనిపిస్తాయి, ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు తిరిగి. మదకాలానికి ముందు పోతు ఒంటరిగా పడుకుంటుంది. ఒక్కటే పెద్ద గుంట, పక్కనే కొమ్ముల రాపిడి ఉంటే పోతుదని నమ్మవచ్చు. రాపిడి లేకపోతే నేను పందెం కాయను.

వీసా సంగతి: వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. విల్లు తుపాకీ కాదు కాబట్టి ఆ చిక్కు లేదు, లైసెన్సు మాత్రం దానికీ కావాలి. 1973 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు ఈ రాష్ట్రంలో వేట శిక్షణ తరగతి పూర్తి చేయాలి. తుపాకీ కొనే ముందు ఒక వకీలును అడగండి, మా మాట మీద కొనకండి. కొట్టిన జింకను పరీక్షకు కూడా పంపండి. 2002 నుంచి ఇక్కడి జింకల్లో మెదడును తినేసే జబ్బు ఉంది, ముదురు పోతుల్లోనే ఎక్కువ. రాష్ట్ర సహజ వనరుల శాఖ ఆ పరీక్ష ఉచితంగా చేస్తుంది. ఫలితం వచ్చేదాకా పులుసు పొయ్యి మీద పెట్టకండి.

మెట్టతామర (హైదరాబాద్), మంగళవారం

చదువుతుంటే ఒళ్లు జలదరిస్తోంది. ఇక్కడ చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. 1972 చట్టం ప్రకారం దాన్ని కొడితే జైలు. అక్కడికి వెళ్లి, అది పడుకునే చోటు కూడా వదలకుండా కాపు కాస్తున్నారు. వేట వేటే అనుకున్నా, విశ్రాంతిలో ఉన్న మృగాన్ని కొట్టడం ఏ ధర్మం? పాండురాజు కథ మరిచిపోయారా?

కాంటూరు, మంగళవారం

మరవలేదండి. జింక రూపంలో ఉన్న కిందమ మహర్షి పాండురాజును శపించింది వేటాడినందుకు కాదు, జతకూడి ఉన్న వేళ కొట్టినందుకు. ఆ లెక్కన శాపం తగలాల్సింది నవంబరులో మదకాలపు వేటగాళ్లందరికీ. అక్టోబరులో పడక దగ్గర కూర్చునే జమ్ముగడ్డి గారు తప్పించుకున్నట్టే.

మీ బాధ అర్థమవుతుంది. కాని ఇక్కడ జింకల సంఖ్యను అదుపులో ఉంచే పని చాలావరకు వేటగాళ్ల మీదే పడింది. మొక్కజొన్న తిని పెరిగిన మందలు రోడ్ల మీదికి వస్తాయి, అడవిలో లేత ఓక్ మొక్కను తలెత్తనివ్వవు. అక్కడ నేరమైనది ఇక్కడ ఏటా అనుమతితో జరిగే పని. మీకు నచ్చాలని అనడం లేదు.

జమ్ముగడ్డి, మంగళవారం

మెట్టతామర గారికి ఒక్క మాట. పడుకున్నదాన్ని ఎవరూ కొట్టరు, అసలు ఆ జమ్ములో అది కనిపించనే కనిపించదు. అది లేచి, తన ఇష్టప్రకారం నడిచి, నా చెట్టుకు పాతిక గజాల్లోకి వస్తేనే బాణం. రాకపోతే లేదు.

ఇక కాంటూరు గారూ, గెలిచినవాళ్లే రాస్తారన్నారు కదా. ఓడిన కథ నేను రాస్తాను.

నిరుడు అక్టోబరులో ఇదే చిత్తడిలో వేరే మెరక దగ్గర ఇలాగే చెట్టెక్కాను. మధ్యాహ్నం రెండింటికి బయలుదేరి చివరి రెండు వందల గజాలకు గంట తీసుకున్నాను. మెట్లు కడుతుంటే ఇనుప కొక్కెం ఒకటి బెరడుకు తగిలి టక్‌మంది. ఊపిరి బిగబట్టి పావుగంట కదలకుండా ఉన్నాను, ఏమీ జరగలేదు. గెలిచాననుకున్నాను. ఐదున్నర దాటాక జమ్ములో కొమ్ములు కదిలాయి. లేచింది. నలభై గజాలు. నన్ను చూడలేదు, నా చప్పుడు వినలేదు. కాని సూర్యుడు దిగగానే గాలి పడిపోయింది, చల్లబడిన గాలి పల్లానికి జారడం మొదలుపెట్టింది. పల్లం అంటే కాలువ. నాకూ కాలువకూ మధ్య అది ఉంది. నా ఒంటి వాసన నెమ్మదిగా దాని దాకా పోయి ఉంటుంది. ఒక్కసారి చీదింది, తెల్లటి తోక లేచింది, అంతే. కెమెరాలో నెలాఖరు దాకా రాత్రి కూడా కనిపించలేదు.

గాలి దిక్కు చూసుకున్నాను, గాలి ఆగిపోయాక ఏమవుతుందో చూసుకోలేదు.

నలభై ఎకరాలు, బుధవారం

నేను చెప్పిందే మీరు రుజువు చేశారు కదా, ఇంకా వాదన దేనికి?

సరే, నా గుట్టు కూడా విప్పుతాను. ఆ పన్నెండు ఎకరాల్లోకి ఎప్పుడూ దిగలేదని రాశాను. ఒకసారి దిగాను. రెండేళ్ల క్రితం, విల్లు వేట ఆఖరి వారం, జనవరి. ఇక పాడవడానికి ఏమీ మిగలలేదని. పోతు దొరకలేదు, కాని తప్పు చేశానని అనిపించలేదు. ఒక్కసారి వెళ్లడానికి నేను అడ్డు చెప్పను. "ఈసారి కాకపోతే రేపు" అని వెళ్లేవారితోనే నా తగవు. రెండో రోజు మీరు కాపు కాసేది ఖాళీ పడకనే.

నవంబరు వస్తే ఈ లెక్కంతా పక్కన పెట్టండి. అప్పుడు పోతు తన పడకను నమ్ముకుని ఉండదు. ఆడ జింకలు పడుకునే చోటికి గాలి వాలు అంచున నడుస్తూ, ఒక్క అడుగు లోపలికి పెట్టకుండానే అన్నింటి వాసన చూసుకుంటూ పోతుంది. నేను ఆ అంచుకు ఇంకా ఇరవై గజాలు గాలి వాలుకు జరిగి కూర్చుంటాను. అక్కడ ఎవరి పడకా చెదరదు.

కాంటూరు, బుధవారం

జమ్ముగడ్డి గారూ, ఒక పందెం. వెళ్లే ముందే ఇక్కడ రాయండి: ఏ గాలి, ఏ పడక, ఎటు లేస్తుంది. వచ్చాక ఏం జరిగినా రాయండి, ముఖ్యంగా ఏమీ జరగకపోతే.

జమ్ముగడ్డి, శుక్రవారం

రాస్తున్నాను. రేపు సాయంత్రం నైరుతి గాలి, రాత్రి దాకా ఆగదంటున్నారు. మార్చిలో చూసిన మెరక మీద ఉంటుంది. వాయవ్యంగా ఓక్ చెట్ల వైపు లేస్తుంది, కాయలు రాలుతున్నాయి. ఈసారి కాలువకూ నాకూ మధ్య అది పడకుండా చెట్టు మార్చాను. కొక్కేలకు గుడ్డ చుట్టాను.

జమ్ముగడ్డి, ఆదివారం

మెరక మీద లేదు.

దానికి డెబ్బై అడుగులు దూరంగా, అవే విల్లో పొదలకు రెండో కొసన పడుకుని ఉంది. వేట వేళ ముగియడానికి పది నిమిషాల ముందు లేచింది. వెడల్పాటి కొమ్ములు, నడుము కిందికి జారిన పొట్ట, కనీసం ఐదేళ్లు ఉంటుంది. ఓక్ చెట్ల వైపే నడిచింది, కాని నాకు యాభై గజాల అవతల నుంచి. బాణం తీయలేదు. పూర్తిగా చీకటి పడ్డాక, అది వెళ్లిన చాలాసేపటికి, అటు నుంచి ఇటు చుట్టూ తిరిగి దిగి వచ్చాను. చీదలేదు.

కాంటూరు, ఆదివారం

డెబ్బై అడుగులు. దీన్ని మీ సూత్రం గెలిచినట్టు రాసుకోవాలా, ఓడినట్టు రాసుకోవాలా నాకు తేలడం లేదు.

నలభై ఎకరాలు, ఆదివారం

మళ్లీ ఎప్పుడు వెళ్తున్నారు?

జమ్ముగడ్డి, ఆదివారం

నైరుతి గాలి మళ్లీ రాత్రి దాకా నిలిచే రోజున. అప్పటిదాకా ఆ వైపు కారు కూడా ఆపను.