మూడో సంవత్సరం ఆండ్రాయిడ్ ప్రాజెక్టు ఎలా మొదలుపెట్టాలి?

మిర్చియార్డు_అమ్మాయి (గుంటూరు)
నేను బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నగారు మిర్చి యార్డులో గుమస్తాగా పనిచేస్తారు. రైతు తెచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు), కాటా తూకం, ధర, కమీషన్, చెల్లింపు అన్నీ ఫోనులోనే రాసుకొనే తెలుగు యాప్‌ను ప్రాజెక్టుగా చేయాలని నా కోరిక. నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ మాత్రమే ఉండడంతో ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే ఫోనులా పనిచేసే ప్రోగ్రామ్) తెరవగానే అంతా నిలిచిపోతోంది. తరగతిలో జావా భాష చెబుతున్నారు, సీనియర్లు కాట్లిన్ అనే భాష అంటున్నారు, కొందరు ఫ్లట్టర్ అనే యాప్ తయారీ సాధనం అంటున్నారు. ముందుగా స్క్రీన్లు గీసే ఫిగ్మాలో డిజైన్ నేర్చుకోవాలా? ప్లే స్టోర్‌లో పెట్టడానికి ఏమేమి కావాలి?

పటమట_లెక్చరర్ (విజయవాడ)
ఎమ్యులేటర్‌ను పక్కన పెట్టండి. మీ ఫోను సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరును ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అక్కడ యూఎస్‌బీ డీబగ్గింగ్ తెరిచి, కేబుల్‌తో కలిపి, యాప్‌ను నేరుగా ఫోనులోనే నడపండి. మా ల్యాబ్‌లో విద్యార్థులందరిచేతా ఇలాగే చేయిస్తున్నాను.

బ్రాడీపేట_బాబాయి
అమ్మాయీ, నీ ప్రాజెక్టు నువ్వే చేసుకోవాలని అనుకోవడమే నాకు ఎంతో సంతోషంగా ఉంది. మా అబ్బాయి తరగతిలో చాలామంది ప్రాజెక్టును డబ్బు ఇచ్చి కొనుక్కొచ్చారు. రాత్రంతా కూర్చొని సొంతంగా చేసిన మావాడికీ, కవరు పేజీ మీద పేరు మార్చి తెచ్చినవారికీ ఒకే మార్కులు వేశారు. ఈ వ్యాపారాన్ని ఆపేవారే లేరా?

గవర్నర్‌పేట_ప్రాజెక్ట్స్
బాబాయి గారూ, మేము కోడ్ మాత్రమే ఇచ్చి పంపించము. ప్రతి స్క్రీనూ వివరించి, రికార్డు రాయించి, వైవాకు సిద్ధం చేస్తాము. తరగతిలో ఎవరూ నేర్పని విషయాన్ని మేము నేర్పుతున్నాము. తప్పు మా మీద మోపడం న్యాయం కాదు.

పటమట_లెక్చరర్
ఎవరూ నేర్పడం లేదని ఎలా అంటారు? ఉన్న కంప్యూటర్లకు మించిన విద్యార్థులను పెట్టుకొని, సిలబస్ పూర్తిచేసి, రికార్డులు దిద్ది, దాని తరువాత కూడా ల్యాబ్‌లో కూర్చొనే అధ్యాపకులు ఉన్నారు. మీరు అమ్మిన ఒకే హాజరు యాప్‌ను మూడు బృందాలు మూడు పేర్లతో నా ముందుకు తెచ్చాయి. వివరించడమంటే అదేనా?

గన్నవరం_శైలు
నేను ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు చేస్తాను కనుక ఒక మాట చెప్పాలి. ఫారం నింపుతూ మధ్యలో ఫోనును అడ్డంగా తిప్పితే ఏమవుతుందని అడుగుతాను. మామూలుగా ఆండ్రాయిడ్ ఆ యాక్టివిటీని, అంటే ఆ స్క్రీన్‌ను, తీసేసి మళ్ళీ కొత్తగా నిర్మిస్తుంది. స్క్రీన్‌లోనే దాచుకున్న విలువలు పోతాయి. అందుకే ఆ విలువలను విడిగా కాపాడే వ్యూమోడల్ వంటివి వచ్చాయి. సొంతంగా చేసినవారు ఈ ఇబ్బందిని తప్పక ఎదుర్కొని ఉంటారు కాబట్టి వెంటనే చెబుతారు. కొన్నవారు మౌనంగా ఉంటారు.

గవర్నర్‌పేట_ప్రాజెక్ట్స్
మా దగ్గర నేర్చుకున్నవారు ఉద్యోగాలు చేస్తున్నారు. ఇంతకంటే చెప్పదలచుకోలేదు.

కోడుకాపరి
వాదన పక్కన పెట్టండి. ఎక్లిప్స్ అనే పాత సాధనంలో ఆండ్రాయిడ్ యాప్‌లు రాసిన కాలం నుంచి ఇదే పనిలో ఉన్నాను. ఈ రంగంలో నా కళ్ళ ముందు రాని మార్పు లేదు. ఇప్పుడు యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో తొలి స్థిరమైన విడుదల 2014 డిసెంబరులో వచ్చింది. కాట్లిన్‌కు గూగుల్ 2017లో అధికారిక మద్దతు ఇచ్చి, 2019లో దానికే మొదటి స్థానం ఇచ్చింది. కాట్లిన్‌తో స్క్రీన్లు కట్టే జెట్‌ప్యాక్ కంపోజ్ 1.0 వచ్చింది 2021లో. పరీక్షకు జావా చదవండి, ప్రాజెక్టు కాట్లిన్‌లో చేయండి. ఫ్లట్టర్‌కు డార్ట్ అనే మరో భాష కావాలి, ఒక సెమిస్టరులో రెండూ పెట్టుకోకండి.

మంగళగిరి_అక్షరం
జావా అయినా కాట్లిన్ అయినా, బటన్ మీద ‘చెల్లింపు’ అన్న మాటలో వత్తు కింద తెగిపోతే ఆ యాప్ తెలుగువారిది కాదు. ఆమె డిజైన్ గురించి అడిగితే ఒక్కరూ సమాధానం ఇవ్వలేదు. ఇంగ్లీషు అక్షరాలను చూసి బటన్ ఎత్తును ఖాయం చేస్తారు. మనకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కదా! యాప్ కట్టేవారికి ఈ మాత్రం శ్రద్ధ లేకపోవడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది.

కోడుకాపరి
ఫాంట్ మారినప్పుడు వరుస ఎత్తును సరిచేసే ఏర్పాటు ఆండ్రాయిడ్ 9 నుంచే ఉంది. ఇది పాత సమస్య.

మంగళగిరి_అక్షరం
వరుస ఎత్తు సరిపడినా, బటన్ ఎత్తును మీరే బిగించేస్తే వత్తు తెగక ఏమవుతుంది? అనుభవం ఉందని చెప్పేవారు తెలుగు యాప్‌ను ఒకసారి తెరిచి చూడాలి. అమ్మాయీ, బటన్ ఎత్తును లోపలి మాటను బట్టి మారనివ్వు. అక్షరాల పరిమాణం ఎస్పీలో (వాడేవారి ఫాంట్ సెట్టింగ్‌ను బట్టి మారే కొలత) ఇవ్వు, వేలితో నొక్కేది ఏదైనా 48 డీపీకి (ఆండ్రాయిడ్ స్క్రీన్ కొలత) తగ్గనివ్వకు. యార్డులో ఎండలో నిలబడి చూసే మనిషికి లేత బూడిద రంగు అక్షరాలు కనపడవు. ఫిగ్మా తరువాత చూసుకోవచ్చు. ముందు కాగితం మీద స్క్రీన్లు గీసి మీ నాన్నగారికి చూపించు.

గన్నవరం_శైలు
ప్లే స్టోర్ సంగతి కూడా చెబుతాను. ఖాతాకు ఒకేసారి 25 డాలర్లు కట్టాలి. కొత్త వ్యక్తిగత ఖాతా అయితే కనీసం 12 మందితో వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్ (ఎంపిక చేసినవారితోనే పరీక్ష) జరిపిన తరువాతనే అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు పెట్టుకోవాలి. సమర్పణ తేదీకి వారం ముందు మేల్కొంటే కుదరదు.

బ్రాడీపేట_బాబాయి
మార్కుల విషయం మాత్రం ఇంకా ఎవరూ తేల్చలేదు.

మిర్చియార్డు_అమ్మాయి
అందరికీ ధన్యవాదాలు. కాగితం మీద గీసిన స్క్రీన్లు చూపిస్తే నాన్నగారు ఒక చిక్కు చెప్పారు: ఒకే రైతు తెచ్చిన సరుకులో తేజ రకం వేరుగా, తాలు (రంగు పోయిన నాసి కాయలు) వేరుగా, ఒక్కో దానికి ఒక్కో ధర పడుతుందట. రైతుకు ఒకే వరుస పెట్టుకున్న నా పట్టిక దీనికి సరిపోదు.

పటమట_లెక్చరర్
రైతుకు ఒక పట్టిక, అతని లాట్లకు (విడివిడిగా ధర పడే సరుకు భాగాలకు) మరొకటి పెట్టి, రెండింటినీ రైతు సంఖ్యతో కలపండి. వివరాలను ఫోనులోనే దాచే రూమ్ లైబ్రరీ వాడితే సిగ్నల్ లేకున్నా పని ఆగదు. డబ్బును దశాంశాలలో దాచకుండా పైసలుగా, తూకాన్ని గ్రాములుగా పూర్ణాంకాలలో దాచండి. దశాంశాలతో కూడితే చివర పైసలు తేడా వస్తాయి, కమీషన్ లెక్కలో రైతు దానిని ఒప్పుకోడు. ఈ శనివారం మీ పట్టికల చిత్రాన్ని ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.