ఓనిర్ సినిమాకి తెలుగు సబ్‌టైటిల్స్: టీవీలో డబ్బాలు వస్తున్నాయి, వీడియో మీద ముద్రిస్తే వత్తులు విడిపోతున్నాయి, సాయం చేయండి

హిందీ రాని మా ఇంటి పెద్దవాళ్లకు హిందీ దర్శకుడు ఓనిర్ సినిమాలు వరసగా చూపించాలనుకుంటున్నాను. స్వలింగ ప్రేమ గురించి మన దేశంలో ఇంత కాలంగా, ఇంత మర్యాదగా సినిమాలు తీస్తున్న దర్శకులు బాగా తక్కువ. 2010 నాటి ‘ఐ యామ్’కి వందలమంది మామూలు జనమే డబ్బు పెట్టారు, దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది.

మొదట 2005 నాటి ‘మై బ్రదర్ నిఖిల్’. గోవాలో హెచ్‌ఐవీ సోకిన ఈతగాడి కథ. కొన్న డీవీడీ నుంచి ఫైల్ చేసుకుని, తెలుగు సబ్‌టైటిల్స్ నేనే రాశాను (ఎస్సార్టీ అనే సబ్‌టైటిల్ ఫైల్, యూటీఎఫ్-8 అనే యూనికోడ్ పద్ధతిలో). ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో చక్కగా కనిపిస్తున్నాయి. పెన్‌డ్రైవ్‌తో టీవీలో పెడితే అక్షరాల బదులు అన్నీ డబ్బాలే. ఫైల్ మొదట్లో యూనికోడ్ అని తెలిపే గుర్తు (బామ్)తో సేవ్ చేశాను, ఫైల్ పేరు మార్చాను, టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాను. మారలేదు. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో సబ్‌టైటిల్స్‌ను వీడియో మీదే ముద్రించినా డబ్బాలే. ఇంకో ఎడిటర్‌లో తెలుగు ఫాంట్ ఇస్తే అక్షరాలు వచ్చాయి కానీ ‘అమ్మ’ కాస్తా ‘అమ్ మ’ అయింది. పెద్దవాళ్లు అలా చదవలేరు.

విండోస్ 10లో, వత్తులు చెదరకుండా తెలుగు సబ్‌టైటిల్స్‌ను వీడియో మీదే ముద్రించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏది, అందులో ఏ సెట్టింగ్ పెట్టాలి?