ప్రోగ్రామింగ్ రానివారు బగ్గుల వడపోతకు పనికివస్తారా?

మూడో బెంచి:
నేను చదివింది కామర్సు. పదేళ్ళుగా ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌లోనే తెలుగు ఉత్తరాలు టైపు చేస్తున్నాను. ఊరికే వాడుకోవడం ఎందుకని, బగ్గుల (సాఫ్ట్‌వేర్‌లోని తప్పుల) మీద వచ్చే రిపోర్టులను పరీక్షించి వడపోయడానికి, అవి నమోదయ్యే వాళ్ళ సైటు బగ్జిల్లాలో ఖాతా తెరిచాను. కోడ్ రాయలేని నేను అందులో వేలు పెట్టడం గట్టున కూర్చుని ఈతగాడికి సలహా చెప్పడమేనని మా స్నేహితుడు ఎగతాళి చేశాడు. నిజమేనా?

గట్టు మీద కొంగ:
మీ స్నేహితుడితో నేను ఏకీభవిస్తాను. నేను చూసుకునే చిన్న ప్రాజెక్టులో ఒక ఉత్సాహవంతుడు పేర్లు కలిశాయని ముప్పై రిపోర్టులను ఒకేదాని నకళ్ళుగా మూసేశాడు. వాటిని విడదీయడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఇక "నాకూ ఇదే సమస్య" అనే వ్యాఖ్యల వల్ల ఒరిగేదేమిటి?

పాత మౌసు:
కొంగగారూ, అది తొందరపాటు తప్పు, కోడ్ రాకపోవడం వల్ల జరిగింది కాదు. లిబ్రెఆఫీస్‌లో కొత్త రిపోర్టు "అన్‌కన్‌ఫర్మ్డ్"గా ఉంటుంది. మరొకరు తమ కంప్యూటర్‌లో అదే తప్పును రప్పించగలిగితే "న్యూ" అవుతుంది. దీనికి కావలసింది ఓపిక.

మూడో బెంచిగారూ, మీరు తెలుగు రిపోర్టులతో మొదలుపెట్టండి. "లక్ష్మి"లో మవత్తు పక్కకు జారిందని ఎవరో బొమ్మ పెడితే, తెలుగు చదవలేని డెవలపర్‌కు అందులో తప్పెక్కడుందో కనిపించదు. మీకు చూడగానే తెలుస్తుంది. ముందు ఫాంటు మార్చి చూడండి. నోటో సాన్స్ తెలుగులో సరిగ్గా ఉండి ఒక్క ఫాంటులోనే చెడితే దోషం చాలావరకు ఆ ఫాంటుదే. తరువాత అదే ఫాంటుతో ఫైర్‌ఫాక్స్‌లో చూడండి. అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్‌ను అదీ వాడుతుంది, 2017లో వచ్చిన 5.3 నుంచి లిబ్రెఆఫీస్ కూడా అన్ని సిస్టమ్‌లలోనూ దాన్నే వాడుతోంది. రెండుచోట్లా చెడితే ఫిర్యాదు చేరవలసిన గుమ్మం వేరు.

పాత వెర్షనులో బాగుండి కొత్తదానిలో చెడిందని తేలిందా, అది బంగారం. మధ్యలో వెయ్యి బిల్డులు (కోడ్ మారుతున్నకొద్దీ తయారైన కూర్పులు) ఉన్నా, ప్రతిసారీ సగానికి తగ్గించుకుంటూ వెళితే పదిసార్లలో చెడగొట్టిన మార్పు దొరుకుతుంది. ఒక్క గీత కోడ్ చదవనవసరం లేదు.

గట్టు మీద కొంగ:
వెతకడం వరకు ఒప్పుకుంటాను. మూయడం మాత్రం కొత్తవారికి ఇవ్వకూడదు.

పాత మౌసు:
మొదటి నెలలో వద్దు, సరే. కానీ ఎవరూ మూయకపోతే గుట్ట పెరుగుతుంది. వివరాలు అడిగినా ఆరు నెలలు బదులు రాని రిపోర్టుకు అక్కడ ఒక జ్ఞాపిక వెళుతుంది, అప్పటికీ పలకకపోతే మూసేస్తారు. అందులో అన్యాయం నాకు కనిపించదు.

గట్టు మీద కొంగ:
నాకు కనిపిస్తుంది. రిపోర్టు రాసినవాడు ఊరు మారి ఉండవచ్చు, బగ్గు మాత్రం అక్కడే ఉంటుంది.

మూడో బెంచి:
మీరు తేల్చుకునేలోగా ఒకటి తీసి చూశాను. వత్తు జారిందని రాశారు కానీ ఫాంటు పేరు లేదు, ఫైలూ లేదు. నా దగ్గర మూడు ఫాంట్లలో బాగానే వచ్చింది. నా వెర్షను రాసి, ఆయన వాడిన ఫాంటు ఏదో చెప్పమని అడిగాను. దేన్నీ మూయలేదు, కొంగగారూ.