స్వరకల్పన వచ్చినా జాజ్ సోలోలో తడబాటు ఎందుకు? మీ అనుభవాలు చెప్పండి

లాసన్స్‌బే_పిట్ట:
పన్నెండేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, స్వరకల్పన (రాగంలో అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడటం) భయం లేకుండా పాడతాను. కిందటి నెల బీచ్ రోడ్డులో ఒక కేఫ్‌లో స్నేహితుల బ్యాండ్‌తో జాజ్ పాట పాడాను. మధ్యలో సోలో నాకిచ్చారు. శంకరాభరణం రాగం అనుకుని అల్లుకుంటూ వెళ్లి, ఎప్పట్లాగే షడ్జం మీద నిలిచాను. ఆ షడ్జమే అపస్వరంలా వినిపించింది! శ్రుతి తప్పలేదు, స్కేలు తప్పలేదు. మరి ఎందుకలా? మన వైజాగ్‌లో జాజ్, పాప్ పాడేవాళ్లు ఎలా సాధన చేస్తున్నారు?

గాజువాక_కీస్:
మీరు ఆగినప్పుడు కింద జీ సెవెన్ కార్డ్ (కలిపి వాయించే స్వరాల గుంపు) ఉండి ఉంటుందండీ. సీని షడ్జం అనుకోండి. జాజ్‌లో మాటిమాటికీ వచ్చే వరస డీ మైనర్ సెవెన్, జీ సెవెన్, సీ మేజర్ సెవెన్. మన స్వరాల్లో చెప్పాలంటే మొదటిది రి మ ద స, రెండోది ప ని రి మ, మూడోది స గ ప ని. రెండో కార్డ్‌లో స లేదు, దానికి ఒక్క స్వరస్థానం కింద ని ఉంది. మీరు పైన స పట్టుకుంటే ఆ రెండూ ఒరుసుకుంటాయి. తంబూరా ఉన్నంతసేపూ స మనకి సొంతిల్లు. ఇక్కడ కార్డ్ మారినప్పుడల్లా ఇల్లు మారుతుంది. అదే స డీ మైనర్ సెవెన్ మీద హాయిగా ఉంటుంది, ఎందుకంటే రి నుంచి లెక్కపెడితే అది ఆ కార్డ్‌కి ఏడో స్వరం.

కార్డ్ రంగు తెలిసేది మూడో స్వరం, ఏడో స్వరం వల్లే. ఆ స్వరాలు ఎలా కదులుతున్నాయో చూడండి: ఒక గీత స, ని, ని. ఇంకో గీత మ, మ, గ. అంతే. మా బ్యాండ్‌లో పాడే తమ్ముడికి వారంపాటు ఇంకేమీ పాడనివ్వలేదు. ఎడమచేత్తో బాస్ మాత్రం వాయించాను: రి, ప, స. పైన వాడు స, ని, ని అన్నాడు, మర్నాడు మ, మ, గ అన్నాడు. వారం తిరిగేసరికి నేను కార్డ్ వాయించకపోయినా, వాడి గొంతులోనే కార్డ్ మారడం తెలిసిపోయింది. ఆ తర్వాతే మధ్యలో సంగతులు (స్వరాల మలుపులు) వేయమన్నాను.

క్వయర్_ఆల్టో:
చర్చి క్వయర్‌లో నాది ఆల్టో, అంటే ఆడవాళ్లలో కింది గొంతు. పాట పై గొంతు సోప్రానోలది. మాకు ఒకే స్వరం మీద నిలబడి, ఎప్పుడో ఒక మెట్టు దిగే లైన్లు. చిన్నప్పుడు విసుగొచ్చేది. జాజ్‌కి వచ్చాక, పైన చెప్పిన గీతలు నా చెవికి ఎప్పట్నుంచో తెలిసినవే అనిపించింది. మీకు దగ్గర్లో క్వయర్ ఉంటే ఒక ఆరు నెలలు ఆల్టో పాడి చూడండి అక్కా.

ఎంవీపీ_పాప్:
పాప్‌కి ఇంత లెక్క అక్కర్లేదు. సీ, జీ, ఏ మైనర్, ఎఫ్ వరస మీద మోహనం (స రి గ ప ద) దాదాపు అంతటా నప్పుతుంది. జీ మీద స దాటిపోతే ఫర్వాలేదు, అక్కడ నిలవొద్దు. కష్టమంతా గమకంతోనే, అంటే స్వరాన్ని ఊపడంతోనే. నేను రిషభాన్ని అలవాటుకొద్దీ ఊపేదాన్ని. రికార్డింగ్ వింటే కీబోర్డు రి కదలకుండా ఉంది, నాది దాని చుట్టూ తిరుగుతోంది. ఇప్పుడు ప్రతి సంగతీ సగం వేగంలో, ఒక్కో స్వరం విడిగా పాడి, తర్వాతే పెంచుతున్నాను. బ్లూస్‌లో మాత్రం గ, సాధారణ గాంధారానికీ (కింది గ) అంతర గాంధారానికీ (పై గ) మధ్య జారుతుంది. అక్కడ మన గొంతు భలే పనికొస్తుంది.

తకిట_తకధిమి:
స్వరాలు సరిపోయినా నడక సరిపోకపోతే అది జాజ్‌లా వినిపించదు. మృదంగం నేర్చుకున్నవాణ్ని, నాకు దారి చూపింది తిశ్రగతి, అంటే దెబ్బకి మూడు అక్షరాలు. తకిట అనుకుని త మీద ఒకటి, ట మీద ఒకటి పాడండి, కి ఖాళీగా వదలండి. స్వింగ్, అంటే జాజ్‌లోని ఊగే నడక, అక్కడే మొదలవుతుంది. నాలుగు దెబ్బల్లో చప్పట్లు రెండు, నాలుగు మీద పడాలి. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) కూడా ఆ రెంటి మీదే పెట్టుకోండి.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1926లో చేసిన రికార్డింగ్‌తో స్కాట్‌కి (మాటల్లేకుండా అర్థంలేని అక్షరాలతో పాడటానికి) పేరొచ్చింది. 1960లో బెర్లిన్ కచేరీలో ఎల్లా ఫిట్జెరాల్డ్ పాట మధ్యలో మాటలు మరిచిపోయి, అక్కడికక్కడే సొంత మాటలు కట్టి పాడారు. ఆ రికార్డింగ్‌కి గ్రామీ కూడా వచ్చింది. ఆవిడ తాళం, కార్డులు ఎక్కడా వదల్లేదు, వినండి.

లాసన్స్‌బే_పిట్ట:
కీస్ గారూ, పది రోజులు ఆ రెండు గీతలే పాడాను. నిన్న అదే పాట, అదే చోట. షడ్జానికి వెళ్లబోయి, నిషాదం మీద ఆగాను. కీబోర్డ్ అతను తలెత్తి చూసి నవ్వాడు. సీ వచ్చాక కూడా నేను ని వదల్లేదు, అప్పుడు దాని రుచి మారిపోయింది. ఒళ్లు జలదరించింది. ఒక సందేహం. మైనర్ పాటలో జీ సెవెన్ వస్తే ఏ నిషాదం పాడాలి?

గాజువాక_కీస్:
కాకలి నిషాదమేనండీ, అంటే పై ని. తేడా అంతా తర్వాత ఉంటుంది: సీ మైనర్‌లో గ సాధారణ గాంధారం, కాబట్టి మ నుంచి ఒకటి కాదు, రెండు స్వరస్థానాలు దిగాలి. శనివారం సాయంత్రం సిరిపురంలో మా ప్రాక్టీస్ ఉంది, రండి. బాస్ నేను వాయిస్తాను.